చరిత్రయు కల్పనయు

2018లో విడుదలయైన ‘కె.జి.ఎఫ్.’ అను కన్నడ చలనచిత్రమును మన పిల్లలలో అనేకులు తెలుగు మాటలతో చూచియున్నారు. అందు కొంత భాగమును మన సైనైడు దిబ్బలమీదనే తీసిరి. ఆ కథలో బంగారము 1951లో బయటపడినది, గని ఒక దుర్మార్గుని సొత్తు, కూలీలు బానిసలు. “మీ తాతలు అట్లే బ్రతికిరా?” అని పొరుగూరివారు అడిగినచో ఏమని బదులు చెప్పవలెను?

చరిత్ర చెప్పునది వేరు. మారికుప్పము ప్రాంతమున గ్రామస్థులు మట్టి కడిగి బంగారము తీయుటను 1802లో వారెన్ అను సైనికోద్యోగి కనుగొనెను. 1880 మొదలు జాన్ టేలర్ కంపెనీ ఇచట గనులు నడిపెను. 1956లో మైసూరు ప్రభుత్వము వానిని స్వాధీనము చేసికొనెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. కూలీలు మిక్కిలి కష్టపడిన మాట నిజమే. కాని వారు నోరులేని బానిసలు కారు. వ్రేలిముద్రల నమోదును ఎదిరించి 1930లో సమ్మె చేసినవారు.

అట్లయిన కల్పన వ్యర్థమా? కాదు. జరిగినది చెప్పుట చరిత్రకారుని పని యనియు, జరుగదగినది చెప్పుట కవి పని యనియు గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ఏనాడో వివరించెను. ఆధారము ముగిసినచోట చరిత్రకారుడు ఆగవలెను. లోతున బండలు ప్రేలి నేల అదరినపుడు, కూలిలైనులో పొయ్యిముందు కూర్చున్న ఇల్లాలి గుండె ఎట్లు కొట్టుకొనెనో కంపెనీ లెక్కలలో దొరకదు. అది కథకుడు చెప్పవలసినదే. అయితే కథను విని కరుగుట వేరు, దానిని సాక్ష్యముగా గ్రహించుట వేరు.

ఈ రెంటికిని నడుమ మన యిండ్లలో మరియొకటి కలదు. అది పెద్దల జ్ఞాపకము. తమిళ సోదరులతోబాటు చిత్తూరు ప్రాంతమునుండి తెలుగువారును ఈ గనులకు వచ్చిరి. గనిలో దిగినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారి మాట నేడు వ్రాసికొనకున్నచో మన తరువాతివారికి సినిమా యొక్కటే మిగులును.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో మీ తాతగారి యొద్ద కూర్చుండుడు. ఏ గనిలో, ఏ సంవత్సరమున, ఏమి పని చేసిరో అడిగి వ్రాయుడు. వారు కన్నులార చూచినదానిని, విన్నదానిని వేరువేరుగా వ్రాయుడు. జీతపు చీటి యున్నచో దానితో సరిచూడుడు. మీ ఊహను మాత్రము అందు కలుపకుడు; దానికి వేరొక పుస్తకము పెట్టుకొనుడు. రెండు పుస్తకములును మనకు కావలసినవే.