రంగు దాని మాట

సిరిసిల్ల,
25 జనవరి 2025.

చిరంజీవి చిన్నితల్లికి తాత ఆశీస్సులు.

సూరత్ నుంచి వచ్చి వారం అయింది గానీ కళ్ల ముందు ఇంకా మీ లింబాయత్ ఇల్లే ఆడుతోంది. ముఖ్యంగా నీ బాల్కనీ, ఆ జాలీ పంజరం, అందులో మనీ ప్లాంట్ తీగను రెండు వేళ్లు ఇటు, మూడు వేళ్లు అటు పెట్టి పట్టుకున్న ఆ పిల్ల ఊసరవెల్లి. ఫోన్‌లో చెబితే సగం నువ్వు వినవు, సగం నేను మరిచిపోతాను. అందుకే రాస్తున్నాను. ఒకసారి చదివి పక్కన పెట్టకు, పంజరం దగ్గరే ఉంచుకో.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు పదేళ్లప్పుడు మా గుంట మగ్గాల వెనక చింతచెట్టు మీద ఒక ఊసరవెల్లి కనిపించింది. అది కరిస్తే మందు లేదని పెద్దవాళ్లు భయపెట్టేవారు. దానికి విషమే లేదని అప్పుడు మాకు తెలియదు. నేను, ఇద్దరు దోస్తులు కలిసి కర్రతో కిందికి దించి, కాలికి నూలు పోగు కట్టి, ఎర్ర బట్ట మీద ఒకసారి, పచ్చ బట్ట మీద ఒకసారి పెట్టాం. బట్ట రంగు పట్టుకుంటుందని చూశాం. అది ఎర్రగా మారలేదు, పచ్చగా మారలేదు. నల్లబడింది. మూడో రోజు పొద్దున చూస్తే పోగు అట్లాగే ఉంది, ప్రాణం లేదు. మా నాన్న దాన్ని చూసి, "రంగు చూశారు గానీ దాని ఆకలి చూడలేదు" అని ఒక్క మాట అని మగ్గంలోకి దిగిపోయాడు. ఆ మాట అరవై ఏళ్లుగా నాతోనే ఉంది.

తర్వాత ఈ తాత బతుకంతా రంగుల్లోనే గడిచింది. పాండేసరా డైయింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు రంగు చూశాను. ఏ లాట్‌లో ఏ షేడ్ ఎంత తప్పిందో దూరం నుంచే చెప్పేవాణ్ణి. అందుకే ఉత్తరాయణ్ నాడు మీ ఇంట్లో జరిగింది నన్ను కుదిపేసింది. పతంగులు ఎగరేసి డాబా మీద నుంచి పిల్లలంతా ఉంధియు తినడానికి కిందికి వచ్చారు. ఐదుగురు పంజరం చుట్టూ మూగారు. నువ్వు దాన్ని బయటికి తీసి ఒకరి చేతి మీద నుంచి ఇంకొకరి చేతి మీదికి ఎక్కించావు. లేత పచ్చగా ఉన్నది కాస్తా మచ్చలు మచ్చలుగా నల్లబడింది. ఒళ్లు పక్కలకు నొక్కేసినట్టు పల్చగా చేసుకుంది, నోరు తెరిచి బుస కొట్టింది. నువ్వు సంతోషంతో "తాతా, ఎంత బాగా రంగు మారుస్తోందో చూడు!" అన్నావు. బిడ్డా, అది ఆట కాదు. అది భయం. నా చిన్నప్పుడు ఆ ఎర్ర బట్ట మీద చూసిన నలుపే మళ్లీ చూశాను.

ఊసరవెల్లి పక్కనున్న వస్తువు రంగు చూసి మారదు. దాని ఒంట్లో వేడి, చలి, భయం, కోపం, జత కోరిక, నిద్ర ఏది ఉంటే అది తోలు మీద కనిపిస్తుంది. ఈ రంగు మార్పు వెనక ఏముందో 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు పాంథర్ అనే జాతి ఊసరవెల్లిలో చూశారు. దాని తోలులో కంటికి కనపడనంత సన్నటి స్ఫటికాలు ఉన్నాయట. వాటి మధ్య ఎడం పెరిగినా తగ్గినా తోలు మీద రంగు మారిపోతుంది. అద్దకం పని చేసిన నాకు ఇది చదివితే ఒళ్లు పులకరించింది. మనిషి మాటతో చెప్పేది అది రంగుతో చెబుతుంది. నీ పని ఆ మాట నేర్చుకోవడం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ముదురు రంగులో ఉంటే వేడి పట్టుకుంటోందని అర్థం. మధ్యాహ్నం బాగా పాలిపోయి నోరు తెరిచి ఉంటే వేడి ఎక్కువైందని అర్థం. రాత్రి నిద్రలో పాలిపోతే అది మామూలే. పగలు కళ్లు మూసుకుని కూర్చుంటే మాత్రం ఆలస్యం చేయకు, జబ్బు కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి నిద్ర కాని వేళ అట్లా కళ్లు మూసుకుని కూర్చోదు.

నీ ఊసరవెల్లిది యెమెన్, సౌదీ అరేబియా నైరుతి కొండలు. అక్కడ ఎడారి ఒక్కటే ఉందనుకోకు. ఎత్తైన కొండ చరియలు, లోయలు, వాన, మంచు, చల్లటి రాత్రులు ఉంటాయి. అన్నట్టు, సూరత్‌కూ యెమెన్‌కూ చుట్టరికం పాతదే. మొఘలుల కాలంలో సూరత్ రేవు నుంచి ఓడలు బట్టల మూటలతో యెమెన్‌లోని మోఖాకు వెళ్లేవి. మక్కా యాత్రికులు కూడా సూరత్ నుంచే ఓడెక్కేవారు. ఒకప్పుడు మీ సూరత్ బట్ట ఆ తీరానికి పోయింది, ఇప్పుడు ఆ కొండల జీవి నీ బాల్కనీలోకి వచ్చింది. అతిథి అనుకో. అతిథికి ఏం కావాలో మనమే అడిగి తెలుసుకోవాలి.

మొదటిది వెలుతురు. పంజరాన్ని కిటికీ అద్దం వెనక పెట్టి ఎండ వస్తోంది కదా అన్నావు. మా మిల్లులో షేడ్ చూసే పెట్టెలో యూవీ ట్యూబ్ ఉండేది. అది వేస్తే తెల్ల బట్ట నీలంగా మెరిసేది. కంటికి కనపడే వెలుతురే వెలుతురు కాదని నాకు అక్కడే తెలిసింది. ఆ ట్యూబ్‌ది యూవీఏ. నీ ఊసరవెల్లికి కావలసింది యూవీబీ. అది కిటికీ అద్దం దాటి రాదు. యూవీబీ తగలకపోతే ఒంట్లో డీ3 విటమిన్ తయారు కాదు. డీ3 లేకపోతే తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. ఎదిగే పిల్లకు కాళ్లు వంగుతాయి, దవడ మెత్తబడుతుంది, నాలుక గురి తప్పుతుంది. అందుకే సరీసృపాల కోసం చేసిన పొడవాటి యూవీబీ ట్యూబ్ కొని జాలీ పైన పెట్టు. పగలు పన్నెండు గంటలు వెలగాలి, రాత్రి పూర్తి చీకటి కావాలి. ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది గానీ అందులోని యూవీబీ కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కొన్న తేదీ దాని మీదే రాసి, కంపెనీ చెప్పిన గడువుకు మార్చేయి. పొద్దుటి లేత ఎండలో పంజరంతో సహా పావుగంట బాల్కనీలో పెట్టడం కూడా మంచిదే. సగం పంజరం నీడలో ఉండాలి, నువ్వు పక్కనే ఉండాలి.

రెండోది వేడి. పిల్ల ఊసరవెల్లి వెచ్చగా కూర్చునే కొమ్మ దగ్గర 29, 30 డిగ్రీలు ఉంటే చాలు. పంజరం కింది భాగం అంతకంటే చల్లగా ఉండాలి. వేడి కావాలంటే పైకి, వద్దంటే కిందికి దానంతట అదే పోతుంది. ఇప్పుడు జనవరి కాబట్టి పొద్దున ఒక బల్బు అవసరం పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సూరత్ ఎండ నీకు తెలియనిది కాదు. అప్పుడు వేడి బల్బు ఆర్పేసి, పంజరాన్ని ఇంట్లో చల్లటి గదిలోకి మార్చు. ఫ్యాన్ గాలి సూటిగా తగలనీయకు. థర్మామీటర్ ఒకటి కొమ్మ దగ్గరే వేలాడదీయి. చేత్తో అంచనా వేయకు.

మూడోది నీళ్లు. గిన్నెలో నీళ్లు పెట్టి తాగడం లేదని ఏడ్చావు. దానికి గిన్నె తెలియదు. ఆకు మీద జారే బొట్టు తెలుసు. మరునాడు పొద్దున నువ్వు మనీ ప్లాంట్ మీద సన్నగా నీళ్లు చిలకరించినప్పుడు నేను పక్కన నిలబడి చూశాను. ముందు ఒక కన్ను ఆకు వైపు తిరిగింది, రెండోది నా వైపే ఉంది. బొట్టు ఆకు కొసకు వచ్చి ఆగింది. మెల్లగా మెడ చాచి, దవడ ఆడిస్తూ, ఒక్కొక్క బొట్టూ మింగింది. ఆ ఐదు నిమిషాలు నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. రోజుకు రెండు మూడుసార్లు అట్లా చిలకరించు. మధ్యలో ఆకులు పూర్తిగా ఆరాలి. వానాకాలంలో సూరత్ గాలే తడిగా ఉంటుంది కాబట్టి చిలకరింపు తగ్గించి గాలి ఆడేలా చూడు. తడి నిలిచి గాలి ఆడకపోతే ఊపిరితిత్తులు చెడిపోతాయి. అది వేసే రెట్టలో తెల్లటి భాగం తెల్లగానే ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. పసుపు, నారింజ రంగుకు తిరిగితే చాలడం లేదన్నట్టు. అక్కడా రంగే మాట్లాడుతుంది.

ఇక తిండి. రెండు కళ్ల మధ్య ఎంత ఎడం ఉందో అంతకంటే పెద్ద పురుగు వేయకు. చిన్న చిమ్మెటలు రోజూ రెండుసార్లు, కొద్ది నిమిషాల్లో తినగలిగినన్ని వేయి. మిగిలినవి రాత్రి పంజరంలో ఉంచకు, నిద్రపోయే పిల్లను కొరుకుతాయి. చిమ్మెటల కడుపు నిండితేనే ఊసరవెల్లి కడుపు నిండినట్టు. వాటికి ముందు రోజు మునగాకు, క్యారెట్ పెట్టు. కాల్షియం పొడి వాటి మీద పల్చగా చల్లు, డీ3, విటమిన్లు ఉన్న పొడి నెలకు రెండుసార్లు చాలు, ఎక్కువైతే అదీ విషమే. ఇంట్లో తిరిగే బొద్దింకల్ని ఎప్పుడూ వేయకు, మందు తిని ఉంటాయి. ఈ జాతి ఊసరవెల్లి ఆకులు కూడా కొరుకుతుంది. అందుకే మందార మొక్క పెట్టు, గన్నేరు, జిల్లేడు దరిచేరనీయకు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క ఆకులు బాగా కడిగే పెట్టు.

వెనక కాలి మడమ దగ్గర చిన్న బొడిపె ఉందేమో చూడు. ఉంటే మగ, పుట్టినప్పటి నుంచే ఉంటుంది. లేకపోతే ఆడ. ఆడదైతే జత లేకుండానే గుడ్లు పెడుతుంది. ఆరు నెలలు నిండేలోపే జానెడున్నర లోతు తడి ఇసుక తొట్టి పంజరంలో ఉండాలి. తవ్వడానికి చోటు దొరకకపోతే గుడ్లు లోపలే ఆగిపోయి ప్రాణం పోతుంది. అది పెద్దదైతే రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు జాలీ పంజరం కావాలి, నీ కళ్లకంటే ఎత్తులో పెట్టాలి. పై నుంచి వచ్చేది ఏదైనా దానికి గద్దే. ఒక్కటే ఉండాలి, జతను తేవద్దు. అద్దంలో తన బొమ్మ కనపడినా శత్రువనే అనుకుంటుంది.

ఇంకొక ముఖ్యమైన పని ఉంది. దీన్ని మీ మామయ్య కొత్త సంవత్సరం నాడు ఇచ్చాడు. ఈ జాతి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైటిస్ రెండో జాబితాలో ఉంది. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నియమాల ప్రకారం ఇలాంటి విదేశీ జీవి చేతికి వచ్చిన ముప్పై రోజుల్లో ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఇంకా ఆరు రోజులే ఉంది. మామయ్య దగ్గర బిల్లు, పెంచినవాళ్ల వివరాలు తీసుకో. భాగవతంలో నృగ మహారాజు కథ నీకు చెప్పాను కదా. తనది కాని ఆవును తెలియక దానం చేసి ఊసరవెల్లి అయి ద్వారక దగ్గర పాడుబావిలో పడ్డాడు. ఆడుకోవడానికి వెళ్లిన యాదవ పిల్లలు చూసి జాలిపడి పైకి లాగబోయారు. వాళ్ల వల్ల కాక కృష్ణుణ్ణి పిలుచుకొచ్చారు. ఆ ద్వారక మీ గుజరాత్‌లోనే ఉంది. తెలియక చేసినా తప్పు తప్పే అయిందని గుర్తు పెట్టుకో. కాగితాలు సరిగా లేకపోతే దాచకు. మీ నాన్నను తీసుకుని అటవీ శాఖ వాళ్ల దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు.

మన ఊసరవెల్లి వేరు. చింతచెట్టు మీద నుంచి దించి నేను చంపింది అదే. దాన్ని పట్టడం, పెంచడం చట్టరీత్యా నేరం. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని సామెత ఉంది గానీ తొండ జాతి వేరు, దీని జాతి వేరు. రెండూ మన తోటలో పురుగుల్ని తిని బతికేవే. ఇక నీ యెమెన్ ఊసరవెల్లిని ఎప్పటికైనా పెంచలేననిపిస్తే తాపీ నది గట్టున వదిలేయకు. అమెరికాలో ఫ్లోరిడాలో, హవాయి దీవుల్లో ఇట్లా పెంపకం నుంచి బయటపడిన ఊసరవెల్లులే అడవిలో స్థిరపడి అక్కడి చిన్న జీవులకు ముప్పుగా మారాయి. అది ఐదేళ్లు, ఎనిమిదేళ్లు కూడా బతుకుతుంది. నువ్వు కాలేజీకి వెళ్లినప్పుడు ఎవరు చూస్తారో ఇప్పుడే అమ్మతో మాట్లాడు. సరీసృపాలను చూసే పశువైద్యుడు ఎక్కడున్నాడో జబ్బు రాకముందే కనుక్కో. కుక్కల్ని చూసే డాక్టర్లందరికీ ఇది తెలియదు.

చిన్నితల్లీ, కుక్కపిల్లను ముద్దు చేసినట్టు దీన్ని ముద్దు చేయాలని నీకుంటుంది. నీ చేతుల్లో ప్రేమ ఉందని నాకు తెలుసు. దానికి మాత్రం చెయ్యి అంటే పట్టుకుపోయే గోరు. పంజరం శుభ్రం చేయడానికో, డాక్టర్ దగ్గరికో తప్ప దాన్ని తాకకు. తాకినప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కో, దాని ఒంటి మీద ఉండే క్రిములు మనకు జబ్బు చేస్తాయి. తినాలనుకుని నీ చేతి వరకు తనంతట తాను వస్తే రానీయి. రాకపోతే చూస్తూ కూర్చో. చూడటం కూడా పెంచడమే.

ఒక నోటు పుస్తకం పెట్టుకుని రోజూ పొద్దున దాని రంగు, తిన్న పురుగుల లెక్క, రెట్ట రంగు రాయి. ఆదివారం నాకు చదివి వినిపించు. నా చిన్నప్పుడు చూడనిది ఇప్పుడు నీ కళ్లతో చూడాలని ఉంది.

ముందు పరివేశ్ పని పూర్తి చేయి. అయిందని నాకు ఫోన్ చేయి.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ తాత.