కారు అదుపు తప్పకుండా కాపాడే ఈఎస్‌సీ

1997లో స్వీడన్‌లో ఒక పత్రిక జరిపిన అడ్డంకి తప్పించే పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ కారు బోల్తాపడింది. ఆ తర్వాత కంపెనీ ఆ కార్లన్నింటికీ ఈఎస్‌సీ, అంటే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అమర్చింది. అదెలా పనిచేస్తుందో తెలుసుకుందాం.

మనం స్టీరింగ్ ఎంత తిప్పామో ఒక సెన్సార్, కారు నిజంగా ఎంత తిరుగుతోందో మరొకటి చెబుతాయి. రెండింటికీ పొంతన లేకపోతే కంప్యూటర్ అవసరమైన చక్రానికే బ్రేకు వేస్తుంది. కారు వెనుకభాగం జారితే మలుపుకు బయటివైపున్న ముందు చక్రానికి, కారు తిరగకుండా నేరుగా పోతుంటే లోపలివైపున్న వెనుక చక్రానికి వేస్తుంది. మన కాలి కింద ఉన్నది ఒకే బ్రేకు కాబట్టి ఈ పని ఎంతటి డ్రైవరుకూ సాధ్యం కాదు.

అయితే రోడ్డుపై టైరుకున్న పట్టును ఈఎస్‌సీ పెంచలేదు. అరిగిన టైర్లతో, అతివేగంతో మలుపు తిప్పితే అదీ కాపాడలేదు. డాష్‌బోర్డుపై జారే కారు బొమ్మ మినుకుమంటే మనం వేగం తగ్గించాలి. మనలో ఎందరి ఇళ్లలోనో డ్రైవర్లున్నారు. ఈ మాట వారికీ చెబుదాం.