బోర్డులు వ్రాయు వృత్తి: వయస్సు, అనుభవము

గ్రామ పంచాయతీ కార్యాలయము, పాఠశాల, అంగన్‌వాడీ కేంద్రము, చౌకధరల దుకాణము, వీని గోడల మీది అక్షరములను మనము ప్రతిదినము చూచుచునే యుందుము. వానిని వ్రాసినవాడెవడో, ఎన్ని యేండ్లుగ ఆ పని చేయుచున్నాడో, అతని వెనుక ఆ పని నేర్చుకొనుచున్నవాడు ఒక్కడైన కలడో లేడో మాత్రము విచారింపము. ఊరివారు ఆర్టిస్టు అనియు, పెయింటరు అనియు పిలుచు ఈ వృత్తిదారుని సంగతి సిద్దిపేట జిల్లా పంచాయతీ సభ్యులు ఇప్పుడు కొంత శ్రద్ధతో ఆలోచింపవలసి యున్నది. చేతితో బోర్డులు వ్రాయు దుకాణములను నేటికిని నడుపుచున్నవారు చాలవరకు నడివయస్సు దాటినవారు. కుంచె పట్టుకొని వారి ప్రక్కన నిలుచు పిల్లవాడు అరుదుగ కనబడును. గ్రామములలో వారికి పని యిచ్చువారిలో పంచాయతీయే ముఖ్యమైనది గనుక, ఈ వృత్తి నిలుచుటయు పోవుటయు కొంతవరకు పంచాయతీ చేతిలోని పని.

సిద్దిపేట ప్రాంతమున ఈ వృత్తి చరిత్ర చిత్రమైనది. 1948 వరకు ఈ ప్రాంతము నిజాం సంస్థానములోనిది, రాజభాష ఉర్దూ. కచేరీల బోర్డులు ఉర్దూలో నుండెడివి. పిమ్మట తెలుగు, ఇంగ్లీషు వచ్చినవి. కుడినుండి ఎడమకు నడచు లిపియు, ఎడమనుండి కుడికి నడచు లిపియు ఒకే పలకపై అమర్చవలసిన నేర్పు ఆనాటి పనివారికి అవసరమయ్యెను. తరువాతి మార్పులు మనము చూచినవే. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడగనే కార్యాలయముల గోడల మీద రాష్ట్రము పేరు మారెను. 2016 అక్టోబరు 11న సిద్దిపేట ప్రత్యేక జిల్లా యైనది. అంతవరకు సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక వైపు గోడల మీద మెదక్ జిల్లా అనియు, చేర్యాల వైపు వరంగల్ జిల్లా అనియు, హుస్నాబాదు వైపు కరీంనగర్ జిల్లా అనియు ఉండెడిది. అవియన్నియు తుడిచి వ్రాయవలసి వచ్చెను. వాహనముల సంఖ్యాఫలకముల మీద ఏ.పి. పోయి టి.ఎస్. వచ్చెను, 2024లో టి.జి. వచ్చెను. ముప్పది యేండ్లుగ కుంచె పట్టినవాడు ఒకే గోడపై ఊరి చిరునామాను రెండు మూడు మారులు మార్చి వ్రాసి యుండును. రెవెన్యూ రికార్డులు తిరుగవేయనక్కరలేకయే అతడు ఈ చరిత్ర చెప్పగలడు.

పూర్వము ఈ పని నేర్చుకొను పద్ధతి యొకటి యుండెడిది. పండ్రెండు, పదునాలుగేండ్ల పిల్లవాడు ఉస్తాదు వద్ద చేరెడివాడు. మొదట కుంచెలు కడుగుట, పాత రేకులు గీకుట, అస్తరు పూయుట; పిమ్మట ఉస్తాదు గీచిన అక్షరములలో రంగు నింపుట. అంచు తానే గీయు అర్హత వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టెడిది. జీతము నామమాత్రము, లేదా భోజనము మాత్రమే. ఇరువదియైదేండ్లకు అతడు వేరు దుకాణము పెట్టుకొని, తన పేరో దేవుని పేరో ముందుంచి, వెనుక 'ఆర్ట్స్' అని వ్రాసికొనెడివాడు.

ఆ మార్గము ఇప్పుడు మూతబడినది. పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుటను 2016లో సవరించిన బాలకార్మిక చట్టము నిషేధించుచున్నది. పదునెనిమిదేండ్లు నిండని వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. పిల్లవాడు బడిలోనే యుండవలెను. ఇందు రెండవ మాటకు తావులేదు. కాని దీని ఫలితమొకటి కలదు. వృత్తిలో ప్రవేశించు వయస్సు పండ్రెండు నుండి పదునెనిమిదికి జరిగినది. పండ్రెండేండ్ల వానికి అన్నము పెట్టిన చాలుననుకొనిరి. పదునెనిమిదేండ్ల యువకునికి తొలి దినము నుండియే కూలి కావలెను. ఉస్తాదు కూలి యిచ్చి నేర్పలేడు, యువకుడు కూలి లేక నేర్చుకొనలేడు. మధ్యనున్న ఈ మూడు నాలుగేండ్ల ఖర్చు ఎవరు భరింతురనుటయే అసలు ప్రశ్న. దీనికి జవాబు దొరకనిచో, నేడు ఏబదియేండ్లున్న యజమాని కుంచె దింపిన నాడు దుకాణమునకు తాళము పడును.

ఆ అనుభవములో ఏమున్నదని కొందరు అడుగవచ్చును. అక్షరములు వచ్చినవాడెవడైనను వ్రాయవచ్చుననుకొనుట పొరపాటు. ఇంగ్లీషు పెద్దక్షరములకు రెండు గీతలు చాలును. తెలుగునకు అట్లు కాదు. అక్షరము నడుమ నుండును, పైన తలకట్టు, గుడి, ఏత్వము, క్రింద వత్తులు. 'స్త్రీ' అను మాటకు క్రిందను మీదను కూడ చోటు కావలెను. 'జల' అను మాటకు అంత అక్కరలేదు. అనుభవము లేనివాడు పలక పొడవును అక్షరముల సంఖ్యచే భాగించి మొదలు పెట్టును. చివరి రెండక్షరములు ఇరుకున పడును, క్రింది పంక్తిలోని గుడులు పై పంక్తి వత్తులను తాకును. పాతవాడు మొదట సుద్ద పూసిన దారము లాగి గీతలు కొట్టును. పిమ్మట వత్తులెన్ని గలవో, 'ఘ', 'క్ష' వంటి వెడల్పు అక్షరములెన్ని గలవో కంటితోనే లెక్కించి, చేతిలోని సుద్దతో లేతగ గీచి, పది అడుగులు వెనుకకు నడచి చూచును. ఆ పది అడుగుల నడకలోనే అనుభవము కలదు.

అక్షరము ఎత్తును గూర్చి పనివారిలో ఒక లెక్క కలదు: పది అడుగుల దూరము నుండి హాయిగ చదువుటకు ఒక అంగుళము. ముప్పది అడుగుల వీధికి ఆవల నుండి ముసలివారు చదువవలెనన్నచో మూడంగుళముల అక్షరము కావలెను. పంచాయతీ నోటీసులను అంతకంటె చిన్న అక్షరములలో కిక్కిరిసి వ్రాయించి, ప్రజలు చదువుటలేదని నిష్ఠురమాడుట న్యాయము కాదు.

గోడను గూర్చిన జ్ఞానము వేరు. క్రొత్తగ సిమెంటు పూసిన గోడలో క్షారము అధికముగ నుండును. అది నూనె కలిసిన ఎనామిల్ రంగును లోపలినుండి తినివేయును. అందుచే కొన్ని వారములు గోడను ఆరనిచ్చి, క్షారమునకు ఓర్చు అస్తరు పూసి, ఆ పిమ్మటనే వ్రాయవలెను. బిల్లు త్వరగ మంజూరు కావలెనని కాంట్రాక్టరు తొందరపెట్టినచో, సంవత్సరము తిరుగకమునుపే రంగు పొక్కులై రాలును. ప్రకాశవంతమైన ఎరుపు ఎండకు త్వరగ వెలిసిపోవును; నలుపును, ఇటుకవర్ణపు ఎరుపును నిలుచును. పడమటి గోడ మీద ఏ రంగు వాడవలెనో నలుబది వేసవులు చూచినవానిని అడిగి తెలిసికొనవలసినదే. అయినను వయస్సును అనుభవమును ఒక్కటిగ భావింపరాదు. ముప్పది యేండ్లు అవే తప్పులు వ్రాసినవారును కలరు; పది యేండ్లలోనే ఆరితేరినవారును కలరు. పని చూచి యెన్నుకొనవలెను, తల నెరసినదని కాదు.

ఈ శతాబ్దపు తొలి దశాబ్దములో ఫ్లెక్సీ వచ్చినది. దానిని నిందించుట సులభము. కాని దాని గుణము దానికి కలదు. ఛాయాచిత్రమును గంటలో అంత పెద్దదిగ ముద్రించి యిచ్చుట కుంచెకు సాధ్యము కాదు. ఒక్కదినపు సభకు అది పనికివచ్చును. అయిదేండ్లు చదువవలసిన సమాచారమునకు అది తగదు. ఎండకు పెళుసై, గాలికి చిరిగి, చివరకు పశువుల కొట్టముపై కప్పుగ మారును. 100 మైక్రానుల కంటె పలుచని పి.వి.సి. బ్యానర్లు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడినవి. దుబ్బాక, సిద్దిపేట మగ్గముల దేశమునకు బట్ట బ్యానరు క్రొత్త సంగతి కాదు.

ఫ్లెక్సీ వచ్చిన నాడు యజమానులు ఏమి చేసిరన్నది వారి వయస్సును బట్టియు నడచెను. ముప్పదియేండ్ల వానికి యంత్రము కొనుటకు అప్పు పుట్టెను. తీర్చుటకు కాలమును కలదు. ఏబది దాటినవాడు లక్షల అప్పునకు జంకెను. కొందరు కుంచె దింపక, వచ్చిన బేరములను ఇతరుల యంత్రములకు పంపి మధ్యవర్తులైరి. కొందరు ఇండ్లకు సున్నములు, రంగులు వేయు పనికి మరలిరి. దీనిని చూచి, వ్యాపారమునకు యౌవనమే మూలధనమని పలుకువారు కలరు. అది సరికాదు. అమెరికా జనగణన శాఖ లెక్కల నాధారము చేసికొని నలుగురు ఆర్థికశాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిన పరిశోధనలో, ఆ దేశమున అత్యంత వేగముగ పెరిగిన వ్యాపారములను స్థాపించినవారి సగటు వయస్సు 45 యని తేలినది. అదే రంగమున ముందుగ పనిచేసియుండుట వారికి మిక్కిలి తోడ్పడినదని కూడ తేలినది. అవి పెద్ద వ్యాపారములు, మన పెయింటరు దుకాణముతో సరిపోల్చదగినవి కావు. అయినను ఏబదియేండ్ల అనుభవజ్ఞుడు పనికిరానివాడను మాటకు ఆధారము లేదని చెప్పుటకు అది చాలును. అతనికి తక్కువైనది గిరాకి.

గిరాకి మారినచో వృత్తి నిలుచుననుటకు మన జిల్లాలోనే చేర్యాల సాక్ష్యము. అచటి నకాషీ చిత్రకారులు, ఖాదీ బట్టకు గంజి, చింతగింజల జిగురు, తెల్లమట్టి పట్టించి, కులపురాణములు చెప్పువారికి పొడవైన పటములు వ్రాసి యిచ్చెడివారు. కథలు చెప్పించుకొను ఆచారము తగ్గగనే పటములడుగువారు తగ్గిరి. వారు పటమును ఖండములుగ చేసి గోడకు తగిలించు చిత్రములుగను, మాస్కులుగను, బొమ్మలుగను మలచిరి. ఆ కళ భౌగోళిక గుర్తింపు పొందినది. సిద్దిపేటకు చెందిన చిత్రకారుడు కాపు రాజయ్య (1925-2012) నకాషీ రేఖను తన చిత్రములలోనికి తెచ్చి దేశమున పేరు పొందెను. ఢిల్లీలో హనీఫ్ ఖురేషీ అను కళాకారుడు వీధి పెయింటర్ల అక్షరములను సేకరించి కంప్యూటరు అక్షరములుగ మార్పించెను. మన పట్టణములలోని పెయింటర్లు మలచిన గుండ్రని తెలుగు అక్షరములు ఇంకను గోడల మీదనే యున్నవి. సున్నము వేసిన నాడు పోవును.

ప్రభుత్వ పథకములలో ఈ వృత్తిదారుని స్థానము సభ్యులు తెలిసికొనదగినది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున పద్దెనిమిది వృత్తులు పేర్కొనబడినవి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, దర్జీ, దండలు కట్టువారు అందులో కలరు. బోర్డులు వ్రాయువాడు లేడు. అసంఘటిత కార్మికులకు ఈ-శ్రమ్ నమోదు 2021 ఆగస్టులో ప్రారంభమైనది. 16 నుండి 59 యేండ్లవారికి అది వర్తించునట్లు పెట్టిరి. 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ పింఛనులో చేరుటకు 18 నుండి 40 యేండ్ల వయస్సు నిర్ణయించిరి. పదునెనిమిదేండ్లవాడు నెలకు 55 రూపాయలు, నలుబదియేండ్లవాడు 200 రూపాయలు కట్టవలెను. కేంద్రప్రభుత్వము అంతే కలుపును. అరువది నిండిన పిమ్మట నెలకు 3,000 రూపాయలు వచ్చును. నలుబదియొకటవ యేట తెలిసినవానికి ఈ ద్వారము మూసికొన్నట్లే. ఊరి పెయింటరు వయస్సు ఎంతయో పంచాయతీకి తెలిసియుండుట ఇందుచే అవసరము.

ఇక పంచాయతీ చేయగలది. 2005 నాటి సమాచార హక్కు చట్టపు నాలుగవ విభాగము, ప్రజలడుగక ముందే సమాచారమును వెల్లడించుమనియు, నోటీసు బోర్డుల ద్వారా కూడ తెలుపుమనియు ఆదేశించుచున్నది. పంచాయతీ ఆదాయవ్యయములు, పనుల వివరములు గోడకెక్కినచో అది చట్టమును నెరవేర్చుటయు, పెయింటరుకు పని కల్పించుటయు కూడ నగును. అయితే చదరపు అడుగునకు ఎవరు తక్కువ అడిగిన వారికే యను పద్ధతిలో అనుభవమునకు వెల ఉండదు. ఎంతకాలము నిలువవలెనో ముందే వ్రాసి, ఆ గడువులో రాలిన అక్షరములను తిరిగి వ్రాయు బాధ్యత అతనిపై నుంచి, అందుకు తగిన ధర యిచ్చుట మేలు. పదునెనిమిదేండ్లు నిండిన అభ్యాసి నొకనిని వెంట తెచ్చుకొను పెయింటరుకు, ఆ అభ్యాసి దినకూలిని అంచనాలో చేర్చి యిచ్చినచో, పైన చెప్పిన మధ్యకాలపు ఖర్చులో కొంత తీరును. ఆ అభ్యాసి ఆడపిల్లయైనచో మరియు మంచిది. ముగ్గులో చుక్కలను తూచినట్లు పెట్టగల చేతికి ఈ గీత కష్టము కాదు. వ్రాయవలసిన విషయమును ముందు కాగితముపై వ్రాసి, బడిపంతులుగారిచే తప్పులు దిద్దించి యిచ్చుట పంచాయతీ పని. తప్పు ప్రతి యిచ్చి పెయింటరును తిట్టుట చాలచోట్ల ఆచారమైనది! పని ముగిసిన పిమ్మట గోడ మూలలో అతని పేరు, సంవత్సరము వ్రాసికొననిచ్చుట మరువరాదు.

రంగుడబ్బా కొనుటలోను జాగ్రత్త యవసరము. ఇండ్లకు, అలంకరణకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములలో 90 భాగములకు మించరాదను నియమము 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. డబ్బాపై ఆ మాట చూచియే, ముఖ్యముగ అంగన్‌వాడీకి, బడికి కొనవలెను. పాత బోర్డులు గీకునప్పుడు తడిపి గీకవలెను, పొడి రేగరాదు, పిల్లలు దగ్గర నుండరాదు. అనేక యేండ్లు ఆ పొడిని పీల్చిన వృద్ధ పెయింటర్లను ఆరోగ్య కేంద్రమునకు పంపి పరీక్ష చేయించుట కూడ మంచిది.

వానలు వెలిసి గోడలారిన పిమ్మట, దసరా మొదలు సంక్రాంతి వరకు ఈ పనికి అనుకూలమైన కాలము. దసరా, దీపావళి ముందు పెయింటరుకు దుకాణముల పని తగులును గనుక, వ్రాయించవలసిన గోడల జాబితాను భాద్రపదములోనే సమావేశమునందు ఉంచి తీర్మానించి, అతనికి కబురు చేయవలెను.