భయమును భగవద్విశ్వాసమును

పరమేశ్వరుఁడు సర్వవ్యాపి యనియు సర్వశక్తిమంతుఁ డనియు మనము ప్రతిదినమును ప్రార్థనయందుఁ జెప్పుచున్నాము. మందిరమునుండి వెలుపలికి వచ్చినతోడనే పొరుగువా రేమందురో, బంధువులు వెలివేయుదురేమో యని జంకుచున్నాము. నాలుకతో నీశ్వరునకును, నడవడితో లోకమునకును గొలువు చేయుచున్నాము. ఈ రెండు కొలువులు నొక్కచోఁ బొసఁగవు.

భయ మజ్ఞానులకే యుండునని తలఁపరాదు. హిందూ వితంతువుల పునర్వివాహమును సమ్మతించు చట్టము 1856 వ సంవత్సరముననే యేర్పడెను. అది న్యాయమని యొప్పుకొన్న విద్యావంతులును లేకపోలేదు. అయినను రాజమహేంద్రవరమునఁ బ్రసిద్ధికెక్కిన తొలి వితంతు వివాహము 1881 వ సంవత్సరము డిసెంబరు 11 వ తేదీనఁ గాని జరుగలేదు. ఇరువదియైదేండ్లు దారి కడ్డుపడినది చట్టము గాదు, వెలి భయము.

ఆ వివాహమును జరిపించిన కందుకూరి వీరేశలింగముగారి యింటికి వంటవారును నీళ్లు మోయువారును వచ్చుట మానిరి. తోడ్పడుదుమన్నవారిలోఁ గొందఱు వెనుదీసిరి. అప్పుడు వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికిఁ బోయి నీళ్లు తెచ్చిరి. తామే వంట చేసిరి. నాలుగు దినములకే రెండవ వివాహమును జరిగెను.

ఆ సాధ్వికి భయమే కలుగలేదని మనము చెప్పఁజాలము. భయము పోయిన పిదపఁ గడవ యెత్తుదమని యామె కూర్చుండలేదనుట మాత్రము నిశ్చయము. కష్టము రాకుండ నీశ్వరుఁడు కాచినచో నమ్ముదు ననుట బేరము గాని విశ్వాసము గాదు. కష్టమునందును ఆయన మనతో నుండునని నమ్మి, ధర్మ మాయన యాజ్ఞ యని యెఱిఁగి, నేఁటి కర్తవ్యమును నేఁడే చేయుట విశ్వాసము. రేపటి భారమంతయు నేఁడే మోయఁ జూచువానికి భయము పర్వతమగును. నేఁటి కడవను మాత్ర మెత్తువానికి దారి కనఁబడును.

ఇది గడచిన కథ యని యూరకుండరాదు. కట్నమును 1961 వ సంవత్సరముననే చట్టము నిషేధించెను. అది తప్పని యెఱిఁగియు నలుగురికి జంకి యిచ్చుచుఁ బుచ్చుకొనుచు నున్నవారు మనలో లేరా?

కావున ప్రతిరాత్రియు మనల మనము ప్రశ్నించుకొందము: సత్యమని యెఱిఁగియు భయముచే నేఁడు పలుకని మాట యేది? ధర్మమని యెఱిఁగియుఁ జేయని పని యేది? దాని నీశ్వరుని యెదుట దాఁపక చెప్పి, మఱునాఁడు దానినే మొదట చేయుదము.

పరమపితా! మాకు నీవు నిరాయాసమైన మార్గమును జూపవలదు. నీవు చూపిన మార్గమున నడచు ధైర్యమును బ్రసాదింపుము.