పంటకోత ప్రయోగము: నాలుగు మడుల లెక్క

శ్రీ సత్యసాయి జిల్లా గాండ్లపెంట మండలపు మెట్టచేలలో వేరుసెనగ ముఖ్యమైన పంట. ఊరి దిగుబడి తెలియుటకు ప్రతి చేని కాయను తూచుట సాధ్యము కాదు. అందుచేత కొన్ని చేలలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కొలిచి, అందలి కాయను తూచి, ఊరి సగటును కట్టుదురు. దీనినే పంటకోత ప్రయోగమందురు. 2016లో వెలువడిన ప్రధానమంత్రి ఫసల్ బీమా నియమములలో, ముఖ్యమైన పంటకు పంచాయతీకి కనీసము 4 ప్రయోగములు చేయవలెనని కలదు. దిగుబడిని బట్టి బీమా చెల్లించు చోట ఊరి రైతులందరి పరిహారము ఈ మడుల మీదనే ఆధారపడును.

ఎకరములో ఇట్టి మడులు సుమారు 162 ఇముడును. మడిలో ఒక్క కిలో తేడా వచ్చినచో కాగితముపై ఎకరమునకు 162 కిలోల తేడా యగును!

ఈ తేడా అబద్ధము వలననే రానక్కరలేదు. ఉద్యోగి వచ్చినపుడు బాటప్రక్క చేనును చూపుట సులువు. ఊరి పరువని ఏపైన చేనును చూపువారు కొందరు. పరిహారము రావలెనని ఎండిన చేనును చూపువారు మరికొందరు. రెండును మొగ్గులే. మొదటిదాని వలన నష్టపడిన రైతుకు బీమా దక్కదు. రెండవది బయటపడినచో ఆ ఊరి లెక్కను మరి యెవరును నమ్మరు. కావుననే సర్వే నంబరును, చేనిలో మడి పడు చోటును చీటీ తీసినట్లు యాదృచ్ఛిక సంఖ్యలను బట్టి నిర్ణయింతురు. వచ్చిన చేను దూరమనియో, కలుపు పెరిగినదనియో సభ్యులు దానిని మార్పింపరాదు.

హద్దుత్రాటి మీది మొక్కను లోపలికి చేర్చుకొనుట మరియొక మొగ్గు. మడి చిన్నదైనకొలది ఈ దోషము హెచ్చును. చిన్న మడులు దిగుబడిని ఎక్కువచేసి చూపునని మహలనోబిస్, సుఖాత్మే అను మన గణాంక శాస్త్రజ్ఞులు 1940 దశకముననే గుర్తించిరి.

ఇక సగటు మాట. నాలుగు మడులలో 1, 1, 2, 8 కిలోలు వచ్చినవనుకొందము. సగటు 3 కిలోలు. కాని మూడు చేలలో 2 కిలోలకు మించలేదు. వాన ఒక చేనును తడిపి ప్రక్కదానిని విడుచుట ఈ సీమలో అందరెరిగినదే. అట్లని 8 కిలోల మడిని కొట్టివేయుడనుట న్యాయము కాదు. మడులను పెంచుడని కోరుట న్యాయము. మడులు నాలుగింతలైనచో సగటులోని ఊగిసలాట సగమగును. మొగ్గుతో ఎన్నుకొనినవి మాత్రము నూరు మడులైనను లెక్క సరికాదు.

విత్తనముల విషయమునను ఇట్లే జరుగును. క్రొత్త రకమును ముందుగా విత్తునది తరచుగా మంచి నేల గల రైతు. అతని దిగుబడిని గరుపనేలలోని పాతరకముతో పోల్చినచో, మనము తూచునది నేలనే కాని విత్తనమును కాదు. రెండు రకములను ఒకే చేనిలో ప్రక్కప్రక్కన విత్తించి చూడవలెను.