తొలియేటి బడి

ఒక యూరి చదువు తెలిసికొనగోరువారు పై తరగతుల పరీక్షాఫలితములు చూతురు. మేము ఒకటవ తరగతి గది చూతుము. అందు బిడ్డలు మాటలాడుచున్నారా, లేక చేతులు కట్టుకొని కూర్చుండిరా యని చూచినచో మిగిలిన తరగతుల సంగతి చాలవఱకు తెలిసిపోవును.

అమరచింతనే తీసికొందము. ఆత్మకూరు రాజధానిగా నుండిన ఈ సంస్థానము హైదరాబాదు రాజ్యములోని తెలుగు సంస్థానములలో నొకటి. సంస్థానము పోయినది. 2016వ సంవత్సరమున ఏర్పడిన వనపర్తి జిల్లాలో అమరచింత యిప్పుడొక మండలకేంద్రము. మగ్గముల చప్పుడు మాత్రము పోలేదు. నేతవారి యింట పుట్టిన ఆరేండ్ల బిడ్డ వట్టిచేతులతో బడికి వచ్చునా? పడుగేదో, పేక యేదో వానికి తెలియును. కండెలోని నూలు తీరిన తోడనే నాడె నిలిచిపోవునని యెఱుగును. గద్వాల చీరకు నడుమ నూలు, అంచున పట్టు అని చేతితో తడవి చెప్పగలడు. సేద్యగాని బిడ్డకు విత్తు, వాన, పశువుల తెలివి యుండును. ఇంత తెలిసిన బిడ్డ బడిగదిలో అడుగిడిన మొదటి గంటలోనే మూగవాడగుచున్నాడు. ఏమన, వాడు అచట వినిన మొదటి పాఠము ‘మాట్లాడవద్దు’ అనునది.

తొలియేటి పని బిడ్డచేత మాటలాడించుట యనియు, అక్షరములు దాని వెనుక నడువవలెననియు మా యభిప్రాయము. పాతవారు దీనిని పూర్తిగా తలక్రిందుగా చేసిరి. కృష్ణాతుంగభద్రలకు ఆవలనున్న బళ్లారి మండలమున 1823వ సంవత్సరమున కలెక్టరు కాంబెల్ దొర వీధిబడులను లెక్కించి నివేదిక వ్రాసెను. బడులు 533, చదువువారు 6,641 మంది, వారిలో ఆడపిల్లలు అఱువదిమంది మాత్రమే! బిడ్డలు ఇసుకలో వ్రాయుటయు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుటయు ఆయనకు మెప్పు గలిగించెను. కాని చదువు పుస్తకములు నిత్యము మాటలాడు తెలుగుకు దూరమగుటచేత పిల్లలు అర్థమెఱుగక చిలుకలవలె వల్లించుచున్నారని ఆయన వగచెను. ఆ మాట నేటి యెన్ని గదులకు తగదో చదువరులే చెప్పవలెను.

ఆ యిసుక వ్రాత యెంత గొప్పదో మనవారికంటె పరాయివారు ముందు కనిపెట్టిరి. చెన్నపట్టణమున ఎగ్మూరులోని అనాథబాలుర శరణాలయమున పనిచేసిన ఆండ్రూ బెల్ అను పాదిరి, మలబారు పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుట చూచి, తన బడిలో దానిని ప్రవేశపెట్టి, 1797వ సంవత్సరమున ఆంగ్లదేశమున గ్రంథము ప్రకటించెను. అది ‘మదరాసు పద్ధతి’ యను పేర నచట వ్యాపించెను. ఇసుకలో తప్పు వ్రాసిన చేతితో తుడిచి మరల వ్రాయవచ్చును. ఎఱ్ఱసిరా గుర్తు మిగులదు. ఆరేండ్ల వ్రేళ్లకు కలము పట్టు బలము ఇంకను రాలేదు. మొదటి మాసములలో ఇసుక, సుద్ద, మట్టిముద్ద, నేలమీది ముగ్గు ఇవియే వ్రాతపరికరములుగా నుండవలెను. రెండుగీతల పుస్తకము తర్వాత రావచ్చును.

ఇక అక్షరముల వరుస. ఇందు మేము కొంచెము నిలిచెదము. అ ఆ ఇ ఈ మొదలుకొని వల్లించు వరుస పాతపరంపరకు గౌరవమే కాని బిడ్డకు భారము. ‘మామ’ అను మాట చదువుటకు ముందే వాడు ఋ ౠ ఌ ౡ లను దాటవలసి వచ్చుచున్నది. వానిలో చివరి రెండు వాని జన్మమంతటిలో నొకమాఱైనను పనికివచ్చునో రావో! దానికి మాఱుగా ప, ల, క అను మూడక్షరములు నేర్పి చూడుడు. ఆ దినముననే వాడు పలక, కల, కలప, పకపక యను నాలుగు మాటలు చదువును. చదివినది తనకు తెలిసిన వస్తువే యగుటచేత ముఖము వికసించును. తర్వాత వ, మ, య లు రూపమున ‘ప’ కు చుట్టములు గనుక నేర్చుట తేలిక. గుణింతములు ఒకేసారి పండ్రెండును గుప్పింపక, మాటలలో నెదురైనప్పుడు ఒక్కొక్కటి చూపవలెను. వరుసక్రమమును ఏడాది చివర పాటగా నేర్చుకొనవచ్చును. నిఘంటువు తిరుగవేయుటకు అది కావలయును.

లెక్కలకు పరికరములు కొనవలెనని యడుగువారున్నారు. ఊరి పేరులోనే చింత యుండగా గింజలకు కొఱతయా? పది చింతగింజలు చేతికిచ్చి, రెండు గుప్పిళ్లలోనికి పంచుమనుడు. ఏడు మూడు, ఆఱు నాలుగు, అయిదు అయిదు అని బిడ్డ తానే కనిపెట్టును. అష్టాచమ్మా ఆడు పిల్ల గవ్వలు వేసి, తన కాయ నున్నచోటు నుండి ముందునకు లెక్కపెట్టును. కూడిక యన్న నదియే. చీర యంచులోని పూవు ఎన్ని పోగుల కొకమాఱు మరల వచ్చునో నేత బిడ్డను అడుగుడు. గణితమునకు అంతకంటె మంచి పీఠిక మాకు తెలియదు. ఇట్లనుటచేత బిడ్డను మగ్గము వద్ద కూర్చుండబెట్టుడని మా మాటకు అర్థము తీయరాదు. 2016వ సంవత్సరపు సవరణ చట్టము కుటుంబపు పనిలో సాయము చేయుటను బడివేళల తర్వాతను, సెలవులలోను మాత్రమే యొప్పుకొన్నది. ఆ సందునుండి పెద్దలు బండి తోలుకొని పోకుండ చూడవలసిన బాధ్యత మనదే.

భాషమాట చెప్పక తప్పదు. నిజాము రాజ్యమున ప్రాథమికదశ దాటినతోడనే తెలుగు బిడ్డకు ఉర్దూ యెదురగుచుండెను. 1930వ సంవత్సరమున జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను కూడిన ఆంధ్రమహాసభయు, దాని తర్వాతి సభలును మాతృభాషలో విద్యకొఱకు పోరాడిన సంగతి పెద్దలకు విదితమే. నేడు కథ మఱియొక విధముగా నున్నది. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో ఒకటవ తరగతి మొదలుకొని ఆంగ్లమాధ్యమము వచ్చినది. పుస్తకములు రెండు భాషలలో ముద్రింపబడుచున్నవి. ఆంగ్లము వలదని మేము చెప్పము. మా బిడ్డలకు దానిని నేర్పుకొని పేదల బిడ్డలకు వలదనుట ధర్మము కాదు. కాని ఎడమపుట తెఱచి కుడిపుటనే చదివించిన ఆ తెలుగు పుట యెందులకు? బిడ్డ ‘నాయిన’ యన్నచో ‘నాన్న’ అని దిద్దుట యంతకంటె చిన్న తప్పు కాదు. తండానుండి వచ్చు లంబాడి బిడ్డకు తెలుగే పరభాష. గిడుగు రామమూర్తిగారు సవరభాష నేర్చి, ఆ భాషలో వాచకములు సిద్ధపఱచి, సవర బిడ్డలకు బడులు పెట్టించిరి. వ్యావహారికమునకై పోరాడిన ఆ మహనీయుని ఇంత గ్రాంథికమున పొగడుచున్నందుకు చదువరులు మమ్ము చూచి నవ్వుకొందురు గాక!

గదిలో కూర్చుండు విధమునకు వచ్చెదము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874వ సంవత్సరమున ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిరి. ఆడపిల్ల ముందువరుసలో కూర్చుండుటకు అంతకాలమునుండి మన సమాజము పని చేయుచున్నది. ఏకేశ్వరుని యెదుట అందఱు సమానులని మందిరమున ప్రార్థించి, బడిలో మంచినీటి కుండ దగ్గఱ వరుస లేర్పఱచినచో ఆ ప్రార్థన యెవరికి చేరును? గుండ్రముగా కూర్చుండబెట్టి కథ చెప్పుడు. గుండ్రములో వెనుకవరుస యుండదు. బిడ్డ యేది చెప్పినను గురువు దానిని నల్లబల్లపై వ్రాసి, ‘ఇది నీ మాట’ యని చదివి వినిపింపవలెను. తన నోటిమాట అక్షరమగుట చూచిన బిడ్డకు చదువన నేమో ఆ నిమిషముననే బోధపడును.

కోదండము, గోడకుర్చీ పోయినవని కొందఱు నిశ్చింతగా నున్నారు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పదునేడవ సెక్షను దెబ్బలనే కాక మానసికముగా వేధించుటనుగూడ నిషేధించినది. ‘నీకు రాదు’ అని పదిమందిలో ననుట ఆ రెండవదానిలోనిదే.

పాలమూరు ప్రాంతమునకు వలస యొక తీరని వ్యథ. తల్లిదండ్రులు పనికై దూరదేశము పోవునపుడు బిడ్డయు పోవును. మరల వచ్చునప్పటికి తోటివారు గుణింతములలో నుందురు. ఆ బిడ్డను ‘ఆలస్యముగా వచ్చితివి’ యని త్రిప్పిపంపుట పదునైదవ సెక్షనునకు విరుద్ధము. వయస్సు పత్రము లేదని త్రిప్పుట పదునాలుగవదానికి విరుద్ధము. చేర్చుకొన్న పిదప వానికి వేఱుగా దినమున కొక గంట యెవరు కేటాయింతురను ప్రశ్నకు చట్టము మాత్రమే బదులు చెప్పజాలదు. ఇద్దరుపాధ్యాయులున్న బడిలో అయిదు తరగతులు నడువవలసియుండగా, క్రొత్తగా చేరిన ఉపాధ్యాయునికి ఒకటవ తరగతి నప్పగించి, నేర్పరియైనవానిని అయిదవదానికి ఉంచుట వాడుక. ఇది తలక్రిందు కావలెను. పాఠశాల నిర్వహణసంఘమున నాలుగింట మూడువంతులు తలిదండ్రులే. సగము మంది స్త్రీలు. అందు సభ్యులైన మన మిత్రులు, ఒకటవ తరగతి యెవరి చేతిలో నున్నదని ప్రధానోపాధ్యాయుని అడుగవలెను. జూన్ మాసమున బడి తెఱచిన మొదటి వారముననే యడుగవలెను. దసరా సెలవుల తర్వాత అడిగినచో ఆ యేటి బిడ్డలకు ప్రయోజనము స్వల్పము.