పారిస్ తేనీటిశాల

పారిస్ నగరంలో మాదెలైన్ చర్చి నుండి కాంకార్డ్ కూడలి వరకు సాగే వీధికి ర్యూ రొయాల్ అని పేరు. రాజవీధి అని దాని అర్థం. ఆ వీధిలో 16వ నంబరు భవనం లాదురే అనే మిఠాయి అంగడి పుట్టినిల్లు. మిఠాయి అన్నది ఇక్కడ సర్దుబాటు మాట మాత్రమే. గోధుమపిండి, వెన్న, గుడ్డు, పంచదార, బాదం మొదలైన వాటితో కాల్చి చేసే తీపి వంటకాలను ఫ్రెంచివారు పతిస్సెరీ అంటారు. వాటిని అమ్మే అంగడినీ ఆ పేరుతోనే పిలుస్తారు.

అపరాహ్ణం నాలుగు గంటల ప్రాంతం ఫ్రాన్సు దేశంలో చిరుతిండి వేళ. బడి విడిచి వచ్చిన పిల్లలకు పెట్టే ఆ తిండిని గూతే అంటారు. రుచి చూడడమని ఆ పదానికి మూలార్థం. పెద్దలలో తీరిక గలవారికి అదే తేనీటి వేళ. ‘సలోన్ ద తే’ అంటే తేనీటిశాల. ఈ ‘తే’ తెలుగువారికి కొత్తది కాదు. చైనాలోని ఫుజియన్ తీరవాసులు ఆ ఆకును ‘తే’ అన్నారు. డచ్చి వర్తకుల ఓడలలో ఆ మాట ఐరోపా చేరి ఫ్రెంచిలో ‘తే’గా నిలిచింది, ఆంగ్లంలో ‘టీ’ అయింది. భూమార్గాన పయనించిన ‘చా’ పారశీకంలో ‘చాయ్’గా మారి హైదరాబాదు వీధులకు వచ్చింది. మన తేయాకు, తేనీరు అనే పదాలలోని ‘తే’ సముద్రం మీదుగా వచ్చినదే. తేనెకూ దానికీ చుట్టరికం లేదు, చెవికి ఎంత తియ్యగా తోచినా.

తేనీటికి తోడుగా వచ్చే వంటకాలలో మిల్‌ఫేయ్ ఒకటి. వేయి రేకులని ఆ పేరుకు అర్థం. తెలుగు విద్యార్థికి వెంటనే పూతరేకులు స్ఫురించడం సహజం. అయితే పూతరేకు బియ్యపుపిండి గంజిని కాలిన కుండ మీద పూసి తీసిన ఒంటి పొర. మిల్‌ఫేయ్‌లోని రేకులు పిండిముద్దలో వెన్నను పొదిగి, మడతలు వేసి, మరల మరల ఒత్తగా ఏర్పడినవి. కాల్చినప్పుడు పిండిలోని తేమ ఆవిరియై ఆ పొరలను విడదీస్తుంది.

లాదురే పేరు ఇతర దేశాలకు పాకింది మాత్రం మకరోన్ వల్ల. బాదం పొడి, పంచదార, గిలకొట్టిన గుడ్డు తెల్లసొన కలిపి చిన్న చిన్న బిళ్లలుగా కాలుస్తారు. పైపొర పెళుసుగా, లోపల మెత్తగా ఉండాలి. ఇటలీ నుండి కేథరిన్ ద మెదీచి రాణి దీనిని 16వ శతాబ్దంలో ఫ్రాన్సుకు తెచ్చిందని చెప్పుకొంటారు. రాణుల పేర వెలసిన ఇటువంటి వంటింటి కథలను కథలుగానే వినాలి. పూర్వం మకరోన్ ఒంటి బిళ్ల. రెండు బిళ్లల నడుమ చాక్లెట్, మీగడ కలిపిన ముద్దను పెట్టి అతికించే పద్ధతిని 1930లో తమ కుటుంబీకుడైన పియేర్ దెఫోంతెన్ కనిపెట్టాడని లాదురే సంస్థ చెబుతుంది. ఆ ఘనత తమదే అనేవారు పారిస్‌లో మరికొందరూ ఉన్నారు. చేసిన వెంటనే వాటిని అమ్మరు. లోపలి ముద్దలోని తేమ, రుచి బిళ్లకు పట్టేవరకు రెండు రోజులు ఉంచుతారు.

ఈ అంగడి మొదట తేనీటిశాల కాదు. లూయీ ఎర్నెస్ట్ లాదురే 1862లో దానిని రొట్టెల దుకాణంగా ప్రారంభించాడు. 1871లో పారిస్ కమ్యూన్ తిరుగుబాటు కాలంలో అది అగ్నికి ఆహుతి అయింది. దాని స్థానంలోనే పతిస్సెరీ వెలసింది. గోడపత్రికల చిత్రకారుడిగా పేరొందిన జూల్ షెరే లోపలి అలంకరణను చేపట్టాడు. పైకప్పు మీద అతడు చిత్రించిన బొద్దు దేవదూతలు వంటవారి దుస్తులలో కనిపిస్తారు.

ఎర్నెస్ట్ లాదురే భార్య ఝాన్ సూషార్ ఆలోచనతో ఈ అంగడి చరిత్ర మలుపు తిరిగింది. ఆమె హోటల్ నడిపే కుటుంబంలో పుట్టినది. ఆనాడు పారిస్‌లో కాఫీశాలలకు కొదువ లేదు. రచయితలు, చిత్రకారులు, రాజకీయవాదులు అక్కడ గంటల తరబడి కూర్చునేవారు. కానీ మర్యాదస్తురాలైన స్త్రీ ఒంటరిగా అక్కడ కూర్చుంటే లోకం వేలెత్తి చూపేది. పురుషునికి వీధిలో విశ్రాంతి స్థానం ఉండగా, స్త్రీకి తన ఇంటి అతిథిశాలో, మరొకరి అతిథిశాలో తప్ప వేరు చోటు లేదు. కాఫీశాలనూ పతిస్సెరీనీ కలిపి ఒక్క కప్పు కిందికి తేవాలని ఝాన్ తలచింది. తీపి కొనడానికి వచ్చిన స్త్రీని ఎవరూ తప్పుపట్టరు. కొన్నది అక్కడే తిని, తేనీరు తాగి, చెలితో ఒక గంట మాట్లాడినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. బల్ల, కుర్చీ, పింగాణీ గిన్నె - పైకి ఇవి స్వల్పమైన వస్తువులు. ఓటు లేని కాలంలో ఆ కుర్చీ స్త్రీకి నగరంలో దొరికిన కాస్త చోటు.

అంతమాత్రాన దానిని స్త్రీ విమోచనమనడం అతిశయోక్తి. 1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి ప్రకారం భార్య భర్తకు విధేయురాలు. సొంత సంపాదనను తన ఇష్టప్రకారం వెచ్చించే హక్కు వివాహిత స్త్రీకి 1907లో గాని లభించలేదు. ఓటు హక్కు 1944లో వచ్చింది. భర్త అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరిచే వీలు 1965 చట్టంతో కలిగింది. రాజవీధిలో తేనీరు తాగిన గృహిణులలో అనేకులు చెల్లించినది చట్టం దృష్టిలో భర్త సొమ్మే.

మరొక సంగతి. అపరాహ్ణం తీరిక ఉన్నవారికే తేనీటి వేళ. ర్యూ రొయాల్‌కు సమీపంలోనే, ర్యూ ద లా పే వంటి వీధులలో పెద్ద పెద్ద దుస్తుల సంస్థలు ఉండేవి. తేనీటిశాలకు ధరించి వెళ్లే గౌనులను కుట్టే యువతులు వాటిలో పనిచేసేవారు. వారిని మిదినెత్‌లు అనేవారు. మధ్యాహ్నం అనే అర్థం గల ‘మిది’, చిరుభోజనం అనే అర్థం గల ‘దినెత్’ కలిసి ఏర్పడిన పదమిది. పని మధ్యలో దొరికిన కొద్ది వ్యవధిలో ఏదో కొంత తిని మళ్లీ సూది పట్టుకోవడమే వారి దినచర్య. మొదటి ప్రపంచయుద్ధం సాగుతుండగా, 1917 మే నెలలో ఒక దుస్తుల సంస్థ శనివారం మధ్యాహ్నం పని లేదని చెప్పి ఆ పూట కూలిని కోసివేసింది. కుట్టుపనివారు పని మాని వీధికెక్కారు. సంస్థ తరువాత సంస్థ ఖాళీ అయింది. వేలాది యువతులు పాటలు పాడుతూ పారిస్ వీధులలో ఊరేగారు. శనివారం మధ్యాహ్నం సెలవు కావాలి, దానికి కూలి కూడా కావాలి అన్నది వారి కోరిక. 1917 జూన్ 11న ప్రభుత్వం చట్టం చేసి, దుస్తుల పరిశ్రమలోని స్త్రీలకు ఆ సగం రోజు సెలవును ఇచ్చింది.